వెస్లీ అంటే ఏమిటి? మనం పేరుగా మార్చుకున్న ఒక ఇంటిపేరు

ఉప్పల్, నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ సంఘాలలో ఆదివారపు బడి హాజరు పట్టీ తీసి చదివితే ఒక్క వెస్లీ అయినా కనబడడం మామూలే. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ, ప్రేమ్ వెస్లీ, లేదా ఒట్టి వెస్లీ. ఇంగ్లాండులో ఇది ఇంటిపేరు. మన దగ్గరకు వచ్చేసరికి పిల్లవాడి పేరైంది, దాని ముందు మన ఇంటిపేరు చేరింది. ఈ పేరు ఎక్కడ పుట్టింది, దాని అర్థమేమిటి, మన ఇళ్లలోకి ఎలా వచ్చింది అని పిల్లలు అడిగితే చెప్పగలిగేలా ఈ వారం ఆ సంగతి చూద్దాం.

ఇంగ్లిషువారి ఇంటిపేర్లు చాలావరకు నాలుగు దారుల్లో వచ్చాయి. తండ్రి పేరు నుండి వచ్చినవి కొన్ని: జాన్సన్ అంటే జాన్ కొడుకు, విల్సన్ అంటే విల్ కొడుకు. ప్రభువు పేతురును యోనా కుమారుడని పిలిచిన పద్ధతి కూడా ఇదే. వృత్తి నుండి వచ్చినవి కొన్ని: స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ. మనిషి రూపాన్నో గుణాన్నో బట్టి వచ్చినవి కొన్ని. నాలుగోది ఊరిపేరు. మన ఇంటిపేర్లలోనూ పల్లి, పాడు, కూరు, వాడ అని ముగిసేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేము.

వెస్లీ ఈ నాలుగో జాతిది. పాత ఇంగ్లిషులో ‘వెస్ట్’ అంటే పడమర, ‘లేఅ’ అంటే అడవిలో చెట్లు కొట్టి చదును చేసిన జాగా, పచ్చిక బీడు. రెండూ కలిస్తే పడమటి బీడు. అక్కడి నుండి వచ్చిన కుటుంబానికి ఆ పేరు నిలిచిపోయింది. మన దగ్గర కూడా పడమటి, తూర్పు అన్న ఇంటిపేర్లు ఉన్నాయి. కాబట్టి వెస్లీని తెలుగులోకి తెస్తే ‘పడమటి వారు’ అనవచ్చు. ఆ పేరులో భక్తికి సంబంధించిన అర్థమేదీ లేదు. అందులోకి భక్తిని తెచ్చింది ఒక మనిషి జీవితం.

ఆ మనిషి జాన్ వెస్లీ. 1703లో లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఊరిలో, ఒక సంఘకాపరి ఇంట పుట్టాడు. ఆయన తాత తన ఇంటిపేరును ‘ట’కారంతో వెస్ట్‌లీ అని రాసుకునేవాడు. తండ్రి శామ్యూల్ కాలంలో ఆ ‘ట’కారం పోయింది. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో జాన్ హృదయం వెచ్చబడిందన్న సాక్ష్యం మన సంఘాలలో ఎన్నోసార్లు విన్నాం. ఆ తరువాత 1791లో చనిపోయేవరకు గుర్రం మీద ఊరూరా తిరిగి, గనుల దగ్గర, పొలాలలో, గుడి గడప తొక్కని పేదలకు సువార్త చెప్పాడు. తమ్ముడు చార్లెస్ వేల కొలది కీర్తనలు రాశాడు. వారి మీద ప్రేమతో ఇంగ్లాండులో, అమెరికాలో తల్లిదండ్రులు ఆ ఇంటిపేరును పిల్లలకు పేరుగా పెట్టడం మొదలుపెట్టారు.

ఈ ఇంటిపేరు మన హైదరాబాదు చరిత్రను రెండుసార్లు తాకింది. ఐర్లండ్‌లోని గారెట్ వెస్లీ అనే ధనవంతుడు చార్లెస్‌ను వారసుడిగా చేసుకుంటానన్నాడని, చార్లెస్ ఒప్పుకోలేదని వెస్లీ జీవిత చరిత్రలు చెబుతాయి. చివరకు ఆ ఆస్తి రిచర్డ్ కోలీ అనే బంధువుకు వెళ్లింది. ఆయన తన ఇంటిపేరును వెస్లీ అని మార్చుకున్నాడు. ఆయన మనవళ్ల కాలంలో అది వెల్లెస్లీ అయింది. ఆ మనవళ్లలో పెద్దవాడే గవర్నర్ జనరల్ వెల్లెస్లీ. 1798లో నిజాం అలీ ఖాన్‌తో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నది ఆయనే. ఆ ఒప్పందం వల్ల వచ్చిన ఇంగ్లిషు దండు చుట్టూ ఎదిగిన ఊరికి 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. 19వ శతాబ్దం చివరి భాగంలో వెస్లియన్ మిషనరీలు వచ్చి దిగినది కూడా ఆ ఊరిలోనే. మొదటిసారి ఆ పేరు ఫిరంగులతో వచ్చింది. రెండోసారి బైబిలుతో, బడితో, ఆసుపత్రితో వచ్చింది. మన పిల్లలకు పెట్టుకున్నది రెండోసారి వచ్చిన పేరునే.

సికింద్రాబాదు నుండి ఆ పని మెదక్, కరీంనగర్ పల్లెలకు పాకింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ వెస్లియన్ సంఘాలు అందులో కలిశాయి. వాటిలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. దొర గడి ముందు చెప్పులు విడిచి నిలబడి, ఎల్లయ్య అన్న నిండు పేరుండి కూడా ‘ఎల్లిగా’ అని పిలిపించుకున్న మనుషులు వారు. తన కొడుకును ఎవరూ అలా కురచ చేసి పిలవకూడదని ఆ తండ్రి కోరుకున్నాడు. దొరకు నోరు తిరగని పేరైనా సరే, గౌరవం ఉన్న పేరు కావాలనుకున్నాడు. ‘వీళ్లకు ఇంగ్లిషు పేర్ల మోజు’ అని ఎవరైనా ఎగతాళి చేస్తే ఈ సంగతి చెప్పాలి.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పని కోసం వచ్చిన కుటుంబాలు తమ పేర్లను కూడా వెంట తెచ్చుకున్నాయి. వెస్లీ అంటే మెదక్ వైపు అయి ఉండవచ్చు, లూథర్ అంటే గుంటూరు, కేరీ, జడ్సన్ అంటే బాప్తిస్టు ఇల్లు. ఇప్పుడు అందరూ ఒకే బల్ల దగ్గర ప్రభువు రాత్రి భోజనం తీసుకుంటున్నారు. ఏ మిషను వారో తెలియకుండానే నచ్చిన పేరు పెట్టుకుంటున్నారు.

అయితే ఈ పేరుకు నేటికీ ఒక వెల ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలవారిగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు రాష్ట్రాలలో క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సి కింద ఒక్క శాతమే రిజర్వేషను. అందుకే కొన్ని ఇళ్లలో బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్‌లో మరో పేరు కనిపిస్తాయి. ఆ తల్లిదండ్రులను కపటులని తీర్పు తీర్చడం సులభం. ఒక మనిషి తన విశ్వాసాన్నో తన పిల్లల చదువునో ఎంచుకోవలసి రావడం అన్యాయమని సంఘం గట్టిగా చెప్పడమే కష్టం. ఆ కష్టమైన పని చేయాలని మేము కోరుతున్నాం.

క్రైస్తవుడికి క్రైస్తవ పేరు తప్పనిసరా అని చాలామంది అడుగుతారు. రోమా 16వ అధ్యాయం చదవండి. పౌలు వందనాలు చెప్పిన హెర్మే పేరు గ్రీకుల దేవుడిది. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితె ఉంది, అపొల్లో పేరులో అపొల్లో దేవుడున్నాడు. పేరు మార్చుకోమని పౌలు వారిలో ఎవరికీ రాయలేదు. దానియేలుకు బబులోనులో బెల్తెషాజరు అని పేరు పెట్టారు, అయినా ఆయన ప్రార్థన మానలేదు. మరోవైపు అమెరికాలో ఒక మెథడిస్టు బోధకుడు కొడుక్కి జాన్ వెస్లీ హార్డిన్ అని పేరు పెట్టుకుంటే, అతడు ఎందరినో కాల్చి చంపిన పేరుమోసిన హంతకుడయ్యాడు. పేరు దారి చూపుతుంది గాని నడవవలసింది మనిషే.

తల్లిదండ్రులకు మా మనవి మూడు మాటలు. వెస్లీ అని పెడితే ఆ మనిషి కథ కూడా పిల్లవాడికి చెప్పండి. దేవసహాయం, ఆశీర్వాదం, కృపమ్మ, సువార్తమ్మ వంటి మన పెద్దల తెలుగు పేర్లను పాతవని పారవేయకండి. పెట్టిన పేరును జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, బడిలో ఒకే అక్షరాలతో రాయించండి. జననం నమోదైన ఏడాదిలోపు పేరు చేర్చడానికి రుసుము లేదు, ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేర్చవచ్చు.

ఇక ఇంటిపేరు దగ్గర సిగ్గుపడకండి. అది కులాన్ని పట్టిస్తుందని దాచుకునే పరిస్థితి మన సంఘాలలోనే ఉంటే, ఆ సిగ్గు దాచుకున్నవాడిది కాదు, ఆరా తీసినవాడిది. గనుల దగ్గర మసిబారిన ముఖాల మధ్య నిలబడిన జాన్ వెస్లీ ఎవరి ఇంటిపేరూ అడగలేదు. ఆయన పేరు మోస్తున్న మనమూ అడగకుండా ఉంటే చాలు.