కంటి అద్దం – కంటి నరం

కొత్తవలస రైల్వే జంక్షన్‌లో రాత్రివేళ బండికోసం నిరీక్షిస్తున్న ఒక వృద్ధునికి దీపాల చుట్టూ ఇంద్రధనుస్సు వంటి రంగుల వలయాలు కనబడుతున్నాయనుకుందాం. వయసు మీరడంవల్ల చూపు మందగించిందని ఆయన సరిపెట్టుకోవచ్చు. కాని ఆ వలయాలు నీటికాసులనే వ్యాధికి సూచన కావచ్చు. దీనినే వైద్యులు గ్లాకోమా అంటారు.

కంటి ముందుభాగంలో నేత్రోదకమనే ద్రవం నిరంతరం ఊరుతూ, జల్లెడవంటి సన్నని మార్గం గుండా వెలుపలికి పోతుంది. ఆ మార్గంలో అవరోధం ఏర్పడితే కంటిలో పీడనం పెరుగుతుంది. ఆరోగ్యవంతుల కంటిలో అది సాధారణంగా 10 నుండి 21 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి సమానం. పెరిగిన పీడనం రెండుచోట్ల హాని చేస్తుంది.

మొదటిది కార్నియా. నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దంలా అమరిన ఈ పారదర్శకమైన పొర మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. దాని లోపలివైపు ఒకే వరుసగా ఉన్న కణాలు అందులో చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడివేస్తాయి. దీర్ఘకాలం అధిక పీడనానికి లోనైన కంటిలో ఈ కణాలు తగ్గిపోవచ్చు. నశించిన కణాల స్థానంలో కొత్తవి పుట్టవు. నీరు నిలిచి కార్నియా ఉబ్బినప్పుడు చూపు మసకబారుతుంది. దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి.

రెండవది దృష్టినాడి. 10 లక్షలకు పైగా తంతువులుగల ఈ నరం దృశ్యాన్ని మెదడుకు చేరవేస్తుంది. ఆ తంతువులు నశించేకొద్దీ చూపు అంచులనుండి తరిగిపోతుంది. దీర్ఘకాలిక వ్యాధిలో సాధారణంగా నొప్పి ఉండదు. ఎదుటి వస్తువు చాలాకాలం స్పష్టంగానే కనబడుతుంది. 1996-2000 సంవత్సరాల మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో ఈ వ్యాధి ఉన్నట్లు తేలినవారిలో అత్యధికులకు అంతకుముందు ఆ సంగతే తెలియదు.

ఈ రెండు నష్టాలకూ గొప్ప భేదం ఉంది. చెడిన కార్నియా స్థానంలో నేత్రదానం వల్ల లభించిన కార్నియాను అమర్చవచ్చు. చెడిన దృష్టినాడిని బాగుచేసే చికిత్స నేటికీ లేదు. నరం నశించిన కంటికి కొత్త అద్దం అమర్చినా పోయిన చూపు తిరిగిరాదు. చుక్కలమందులు, లేజరు, శస్త్రచికిత్స మిగిలిన చూపును కాపాడడానికే ఉపకరిస్తాయి.

కాబట్టి 40 ఏళ్ళు దాటినవారు, ముఖ్యంగా కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు, నేత్రపరీక్ష చేయించుకోవాలి. పలుచని కార్నియా ఉన్నవారికి పీడనం అసలుకంటే తక్కువగా నమోదవుతుంది కనుక దాని మందాన్నీ, దృష్టినాడినీ కూడా పరీక్షించాలి. 1987లో హైదరాబాదులో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2006లో విశాఖపట్నంలోనూ వైద్యశాలను నెలకొల్పింది. కొత్తవలస వాసులకు ఆ నగరం దూరం కాదు. దీపాల చుట్టూ రంగులు చూసిన వృద్ధునికి ఒక హెచ్చరికైనా అందింది. ఏ హెచ్చరికా అందని పెద్దలను పరీక్షకు తీసుకొనివెళ్ళవలసినవారు మీరే.