కోలారు గనుల సీమలో న్యూట్రల్ తీగ

శివసముద్రమున కావేరీ జలపాతముచే పుట్టిన విద్యుత్తు 1902వ సంవత్సరము జూన్ 30వ తేదీన కోలారు బంగారు గనులకు చేరెను. దివాను శేషాద్రి అయ్యరు తలపెట్టిన ఈ కార్యమును జోలీ డి లాట్‌బినియర్ అను సైనిక ఇంజనీరు నడిపించెను. అయ్యరు ఫలమును చూడకయే 1901లో కన్నుమూసెను. తీగల పొడవు 92 మైళ్లు; వోల్టేజి ముప్పది వేలకు తగ్గనిది. బెంగుళూరు వీధులకు విద్యుద్దీపములు 1905లో గాని రాలేదు. గనియే ముందు, నగరము తరువాత.

ఆ విద్యుత్తు మూడు ఫేజులది. పెద్ద మోటారులు మూడు ఫేజులనుండి సమానముగా ప్రవాహమును గ్రహించును. సమానమైన మూడు ప్రవాహములు ఒకచో కలిసినప్పుడు వాని మొత్తము సున్న యగును గనుక, తిరుగు ప్రవాహమునకు వేరొక తీగ అక్కరలేదు. ఇంటి సంగతి వేరు. ఒక ఇంటి దీపము ఒక ఫేజునుండియే ప్రవాహమును తీసికొనును. అది తిరిగి పోవుటకు నాలుగవ తీగ కావలెను. అదియే న్యూట్రల్. గనికి మూడు తీగలు చాలును, గృహమునకు నాలుగవది లేనిదే సాగదు.

దీనిని మన పుస్తకములలో 'తటస్థ' తీగ యని వ్రాయుదురు. తటస్థుడనగా గట్టున నిలిచి చూచువాడు. ఈ తీగ గట్టున నిలుచునది కాదు. ఏటి నడుమ నున్నది. ఒంటి ఫేజు ఇంటిలో ఫేజు తీగయందు ఎంత ప్రవాహము పోవునో, న్యూట్రల్ నందు అంతయు తిరిగి వచ్చును. కొందరు వైర్‌మెన్లు దీనిని 'నెగటివు' అనుట మరింత పొరపాటు, ఏలయన సెకనుకు 100 మారులు దిక్కు మార్చు ప్రవాహమునకు ధన ఋణములు స్థిరముగా నుండవు. పేరు చూచి ఇది నిరపాయకరమైన తీగ యని తలచుటవలననే ప్రమాదములు కలుగుచున్నవి.

ఒక లెక్క చూడుడు. ప్రక్కప్రక్కనున్న రెండిండ్లకు వేర్వేరు ఫేజులు, ఉమ్మడి న్యూట్రల్. ఒక ఇంట 100 వాట్ల బల్బు, రెండవ ఇంట 1000 వాట్ల ఇస్త్రీపెట్టె. స్తంభమువద్ద న్యూట్రల్ తెగినదనుకొనుడు. అప్పుడు ఆ రెండును ఒకే వరుసలో చేరి, రెండు ఫేజుల నడుమనున్న 400 వోల్టులను పంచుకొనును. బల్బు నిరోధము సుమారు 529 ఓములు, ఇస్త్రీపెట్టెది 53. కావున 230 వోల్టులకు చేసిన బల్బుపై సుమారు 360 వోల్టులు పడును. ఇస్త్రీపెట్టెకు 40 కూడ దక్కవు. తక్కువ వాడుకొన్న ఇల్లే ఎక్కువ నష్టపోవును! బల్బు స్థానమున టెలివిజను ఉన్నచో ఫలము చెప్పనక్కరలేదు.

ఇందుచేతనే 1956 నాటి భారత విద్యుత్ నియమావళి తన 32వ నియమమున, న్యూట్రల్ తీగలో ఫ్యూజు గాని ఒంటరి స్విచ్చి గాని ఉండరాదని శాసించెను. స్విచ్చి పెట్టదలచినచో అది ఫేజును, న్యూట్రల్‌ను ఒకేమారు తెంపునదై యుండవలెను. 2010లోను, 2023లోను వెలువడిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలును ఈ సూత్రమునే నిలుపుకొనినవి. న్యూట్రల్‌లో ఫ్యూజు పెట్టి అది కాలినచో దీపమారును, కాని హోల్డరులో ఫేజు మిగిలియుండును. కరెంటు లేదని తలచి చేయి పెట్టినవాని గతి యేమి?

డిస్ట్రిబ్యూషన్ బోర్డులో న్యూట్రల్ తీగలన్నియు ఒక ఇత్తడి పట్టీకి బిగింపబడును. ఒక స్క్రూ క్రింద రెండు తీగలు దూర్చుట మన వాడుకలో తరచు కనబడును. రెంటిలో ఒకటి వదులై వేడెక్కును. ఒకదానిని విప్పబోగా రెండవదియు ఊడును. అమెరికా జాతీయ విద్యుత్ కోడు ప్రతి న్యూట్రల్‌కు ప్రత్యేక స్థానము ఉండవలెనని 2002 కూర్పునుండి స్పష్టముగా విధించుచున్నది. అచ్చట మెయిన్ వద్ద న్యూట్రల్‌ను ఎర్తుతో కలుపుదురు. ఆ పద్ధతి చూచివచ్చినవారు ఇచ్చట తమ ఇంటి బోర్డులో అట్లు చేయరాదు. మన పద్ధతిలో ఆ కలయిక ట్రాన్స్‌ఫార్మరు వద్ద జరుగును. ఇంటిలో కూడ కలిపినచో, న్యూట్రల్ తెగిన నాడు ఫ్రిజ్జు తలుపు మొదలు ఇనుప బీరువా వరకు ఎర్తు తగిలిన లోహమంతయు విద్యుత్తు నెక్కించుకొనును.

"ఎర్తు ఉన్నది గదా, భయమేల?" అని కొందరందురు. కోలారు జిల్లా రాతినేల. వేసవిలో నీరు పోయని ఎర్తు గుంట నిరోధము 50 ఓములున్నదనుకొందము. 230 వోల్టులకు అందు ప్రవహించునది 4.6 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని లెక్కయే చేయదు. అందుచేతనే 30 మిల్లీ ఆంపియర్ల తేడాను పసిగట్టు ఆర్.సి.సి.బి. అవసరమగుచున్నది. అది ఫేజులో పోవుదానిని, న్యూట్రల్‌లో వచ్చుదానిని సరిపోల్చి చూచును. రెండు ఆర్.సి.సి.బి.లున్న బోర్డులో వాని న్యూట్రల్ తీగలు కలిసిపోయినచో లెక్క తప్పి ఊరకనే పడిపోవుచుండును. అప్పుడు విసిగి దానినే తీసివేయువారు కలరు. తీయవలసినది ఆ తప్పు కలయికను.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. కార్మికుల లైన్లలో సంసారములు మాత్రము నిలిచినవి. గది వెనుక గది చేర్చి, తీగకు తీగ ముడివేసి వెలిగించుకొన్న ఇండ్లు పాత బస్తీలలో ఎచ్చటనైనను ఉండును. అట్టి ఇంట ఒక దీపము ఉన్నట్టుండి మిక్కిలి ప్రకాశించి, పొరుగింటి దీపము మసకబారినచో అది న్యూట్రల్ సడలిన గుర్తు. తక్షణమే మెయిన్ దించి, పొరుగువారిని కూడ దించుమని కేక వేసి, లైన్‌మన్‌కు కబురంపవలెను.