తుంటి కీలులో చిరుగు – మొక్కుబడి నడక

చిలుకూరు బాలాజీ సన్నిధిలో కోరిక చెప్పుకొని 11 ప్రదక్షిణలు, అది నెరవేరిన పిదప 108 ప్రదక్షిణలు చేయడం భక్తుల ఆచారం. ప్రగతి నగర్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా వద్దకు ఆ 108 ప్రదక్షిణల గురించి అడగడానికే వచ్చేవారున్నారు. వారిలో ఐటీ ఉద్యోగులు ఎక్కువ. ఎమ్మారై నివేదికలో తుంటి కీలు మృదులాస్థి చిరిగినదన్న మాట చదివి, ఇక మొక్కు చెల్లించలేమేమో, తిరుమల కొండకు నడిచి వెళ్లలేమేమో అని దిగులుపడుతుంటారు. ఆ దిగులు ఎంతవరకు సబబో తెలుసుకోవాలంటే ముందుగా కీలు నిర్మాణం తెలియాలి.

కటి ఎముకలో గిన్నె వంటి గుంట ఉన్నది. తొడ ఎముక పైకొన బంతివలె గుండ్రంగా ఉండి అందులో తిరుగుతుంది. గిన్నె అంచు చుట్టూ ఒక మృదులాస్థి వలయం ఉంటుంది. వైద్యులు దానిని లాబ్రమ్ అంటారు. నీళ్ల బిందె దొర్లకుండా అడుగున ఉంచే చుట్టకుదురు వలె ఇది బంతిని నిలకడగా ఉంచుతుంది; కీలులోని జిగురు ద్రవం బయటికి జారకుండా కాపాడుతుంది. దీని వెలుపలి అంచుకు తప్ప రక్తప్రసరణ అంతగా లేదు. కనుక చిరిగిన వలయం చర్మపు గాయం వలె తనంతట తాను అతుక్కోవడం అరుదు. అయినప్పటికీ నొప్పి తగ్గవచ్చును. చిరుగు వేరు, నొప్పి వేరు.

కింద పడడం, కాలు మెలిపడడం, వయసుతో వచ్చే అరుగుదల దీనికి కారణాలు. కొందరికి తొడ ఎముక మెడ వద్ద గాని, గిన్నె అంచున గాని ఎముక కొంత ఎక్కువగా పెరిగి ఉంటుంది. కాలు బాగా మడిచినప్పుడల్లా ఆ రెండూ ఒరుసుకొని, మధ్యనున్న వలయం నలుగుతుంది. స్విట్జర్లాండుకు చెందిన శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో దీనిని విశదంగా వివరించిన తరువాతనే యువకుల తుంటి నొప్పికి సరియైన కారణం వెదకడం విస్తృతమైనది.

ఒక విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. తుంటి అనగానే మనం పక్కనో వెనుకనో చేయి వేసి చూపుతాము. కాని కీలులోపలి నొప్పి ఎక్కువగా గజ్జలో తెలుస్తుంది. ఆ మాట చెప్పడానికి బిడియపడి మన తల్లులు, అక్కచెల్లెళ్లు ‘నడుము నొప్పి’ అంటారు. నెలల తరబడి నడుముకే చికిత్స సాగుతుంది. బొటనవేలు వెనుకకు, తక్కిన వేళ్లు గజ్జవైపు ఉండేలా తుంటిని పట్టి చూపడం, కూర్చుని లేచేటప్పుడు కలుక్కుమనడం, లోపల ఏదో పట్టేసినట్లుండడం కీలు సమస్యకు గుర్తులు. వైద్యుని వద్ద బిడియం వద్దు.

ఏ నొప్పీ లేనివారి ఎమ్మారైలలో సైతం ఈ చిరుగులు తరచుగా కనిపిస్తాయి. అందుచేత నివేదిక ఒక్కటే చూసి శస్త్రచికిత్సకు తొందరపడరాదని నా అభిప్రాయం. అట్లని నొప్పిని ఉపేక్షించనూ రాదు. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి, మద్యపానం అలవాటున్నవారికి తొడ ఎముక తలకు రక్తం అందక అది క్రుంగిపోయే వ్యాధి కూడా ఇదే చోట నొప్పిగా మొదలవుతుంది. జ్వరంతో కూడిన నొప్పి, పడిన తరువాత కాలు మోపలేకపోవడం అయితే ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స సాధారణంగా వ్యాయామంతో మొదలవుతుంది. పిరుదుల, పొత్తికడుపు కండరాలు బలపడితే కీలుపై భారం తగ్గుతుంది. ఇందుకు కొన్ని వారాలు కాదు, రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి మాత్రలు మూత్రపిండాలకు, జీర్ణకోశానికి హాని చేయగలవు కనుక వైద్యుని సలహాతోనే వాడాలి. పద్మాసనం, గొంతుకూర్చోవడం కొంతకాలం మానాలి. పూజకు ఎత్తైన పీటగాని కుర్చీగాని మేలు. మోకాళ్లు తుంటికంటె దిగువన ఉండాలి. ఆఫీసు కుర్చీకీ ఇదే నియమం. ప్రదక్షిణలో మలుపు వద్ద పాదాన్ని నేలకు ఆనించి ఒళ్లు తిప్పకుండా, చిన్న చిన్న అడుగులతో తిరగాలి. చేతికర్ర నొప్పిలేని వైపు చేతిలో ఉండాలి. చాలామంది తారుమారుగా పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు వేయాలి. అలిపిరి మార్గంలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో సుమారు 2,388 మెట్లు ఉన్నవి. మెట్లు తక్కువని రెండవదానిని ఎంచుకునేవారు అది నిటారైన దారి అని గమనించాలి.

ఇంతటితో తగ్గనప్పుడు, ఎముక ఒరిపిడి స్పష్టంగా ఉన్నప్పుడు, చిన్న రంధ్రాల ద్వారా వలయాన్ని కుట్టి, పెరిగిన ఎముకను చెక్కుతారు. 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన బ్రిటిష్ పరిశోధనలో ఒరిపిడి సమస్య ఉన్న 348 మందిని పరిశీలించారు. వ్యాయామ చికిత్స పొందినవారూ, శస్త్రచికిత్స పొందినవారూ మెరుగుపడ్డారు. ఏడాది తరువాత శస్త్రచికిత్స పొందినవారి మెరుగుదల కొంత అధికంగా ఉన్నది. కీలు బాగా అరిగిన పెద్దలకు ఈ కుట్టు అంతగా ఉపకరించదు. వారికి కీలు మార్పిడియే మార్గం కావచ్చును.

తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల బర్డ్ ఆసుపత్రి ఎముకల, కీళ్ల చికిత్సకే నెలకొన్నది. మన పంజాగుట్టలోని నిమ్స్ కూడా 1960వ దశకంలో నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా మొదలైనదే. అంతటి దానం అందరివల్లా కాదు. ఆలయ మెట్లకు ఇరువైపులా చేతిపట్టు కడ్డీ, మండపంలో పది ఎత్తైన బల్లలు సమకూర్చడం మాత్రం ఒక కుటుంబం పుట్టినరోజు ఖర్చుతోనే సాధ్యమని దాతలకు మనవి చేస్తున్నాను.