రిపోర్టు బాగుంటే మందు మానవచ్చా?

"రిపోర్టు బాగుంది, ప్రభువు ముట్టాడు, ఇక మందులెందుకు?" రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లల ఇళ్లలో అప్పుడప్పుడు వినే మాట ఇది. రిపోర్టు కోసం దేవునికి స్తోత్రం. మందు మానే ముందు మాత్రం ఒక సంగతి తెలుసుకుందాం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో 1947 చివర డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈ పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. దాన్ని తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన బృందమే. క్యాన్సర్ కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఈ మందు దాన్ని పనిచేయనివ్వదు. 16 మందిలో 10 మందికి జబ్బు తగ్గింది. కొన్నాళ్లకే తిరగబెట్టింది.

పరీక్షకు అందనన్ని తక్కువ కణాలు లోపల మిగిలిపోవడమే కారణం. అందుకే తర్వాతి వైద్యులు అనేక మందులు కలిపి, ఎక్కువ కాలం ఇవ్వడం నేర్చుకున్నారు. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకానికి ఇప్పుడు చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. దాన్ని పూర్తిచేసిన పిల్లల్లో ఎక్కువమంది బాగుపడుతున్నారు.

సువార్త రాసిన లూకా కూడా వైద్యుడే. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. సాక్ష్యం విని చప్పట్లు కొట్టిన మనం, చివరి డోసు వరకు ఆ కుటుంబానికి బస్సు ఛార్జీగా, ఆసుపత్రిలో తోడుగా, ప్రార్థనగా నిలబడదాం.