బిడ్డల మనోవర్తి: తీర్పు, వసూలు

మనోవర్తి భార్యకు మాత్రమే చెందునని పలువురు తలచెదరు. బిడ్డల పోషణమును దానిలోనిదే. క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనులో నుండిన యీ హక్కు, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షనులో నున్నది. నెలకు 500 రూపాయలు మించరాదను పూర్వపు హద్దును 2001లో తొలగించిరి. మంచిపనియే.

అయితే తీర్పు వేరు, రొక్కము చేతబడుట వేరు. తండ్రి యెగవేసినప్పుడెల్ల తల్లియే మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. బాకీపడిన నాటినుండి యేడాదిలోపల పెట్టనిచో నా సొమ్మునకు వారంటు పుట్టదు. జగిత్యాల ప్రాంతపు టిల్లాలొకతె తీర్పుకాగితమును మూడేండ్లు పెట్టెలో దాచి, పిదప నాచేత చదివించుకొన వచ్చినది. గడువుమాట యామెకెవ్వరును చెప్పలేదు. రెండేండ్ల బాకీకి వారంటుదారి మూసికొనిపోయినది. బిడ్డ తిన్న యన్నము గడువెరుగునా?

చెల్లింపని ప్రతి నెలకును నెలవరకు జైలు విధింపవచ్చును. జైలుకు పోయినంతమాత్రమున బాకీ తీరదని 1989లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని కరీంనగరము, నిర్మల్ ప్రాంతముల తండ్రులెందరో గల్ఫు దేశములలో నున్నారు; వారిని పట్టితెచ్చుట సులభము గాదు. అట్టివాని పేర నిచ్చట పొలమున్నచో, భూమిశిస్తు బకాయివలె కలెక్టరు ద్వారా వసూలునకు వీలున్నది. పట్టా యింకను తాతపేరనే యున్నచో నదియు కష్టమే.

కావున తల్లులు ముట్టిన సొమ్మును, ముట్టని నెలలను తేదీలతో వ్రాసియుంచుకొని, యేడాది నిండకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవలెను. స్త్రీలకును బిడ్డలకును వకీలు సహాయ మచ్చట నుచితముగా దొరకును.