సివిల్‌ చదివి ‘ఆర్కిటెక్ట్‌’ కావొచ్చా? వరంగల్‌లో పీజీ దారి ఏది?

బీటెక్‌ సివిల్‌ చివరి ఏడాదిలో ఉన్నారు. భవనాల డిజైన్‌ వైపు వెళ్లాలనుంది. ‘ఆర్కిటెక్చరల్‌ ఇంజినీరింగ్‌’లో పీజీ చేస్తే ఆర్కిటెక్ట్‌ అయిపోవచ్చా? రెండేళ్ల సమయం, లక్షల రూపాయల ఖర్చు పెట్టేముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

అసలేమిటీ చదువు?

భవనం రూపం, గదుల అమరిక ఆర్కిటెక్ట్‌ చూస్తారు. అది కూలకుండా నిలబడే లెక్క స్ట్రక్చరల్‌ ఇంజినీర్‌ది. ఈ నిర్మాణంతో పాటు వెలుతురు, గాలి, ఏసీ, కరెంటు, నీటి వ్యవస్థలను కలిపి చూసేదే ఆర్కిటెక్చరల్‌ ఇంజినీరింగ్‌.

హనుమకొండ వేయిస్తంభాల గుడినే తీసుకోండి. అక్కడి కల్యాణ మండపం రాళ్లన్నీ విప్పి, పునాది నుంచి మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. కాకతీయుల కాలపు ఇసుక పునాది ఎలా పనిచేస్తుందో, ఏ స్తంభం ఎంత బరువు మోస్తుందో తెలియకుండా శిల్పకళ ఒక్కటే తెలిస్తే ఆ పని సాగదు.

వరంగల్‌ నిట్‌లో ఏముంది?

1959లో ఆర్‌ఈసీగా మొదలై 2002లో నిట్‌గా మారిన ఈ సంస్థలో ఆర్కిటెక్చర్‌ డిగ్రీ లేదు. దీనికి దగ్గరగా ఉన్నది సివిల్‌ విభాగంలోని ఎంటెక్‌ ‘ఇంజినీరింగ్‌ స్ట్రక్చర్స్‌’. కాలవ్యవధి రెండేళ్లు.

సీటు ఎలా వస్తుంది?

ముందు గేట్‌ రాయాలి. మూడో ఏడాది నుంచే రాయొచ్చు. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. నిట్‌లకు సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌ ఉంటుంది. దానికి డిగ్రీలో 60 శాతం మార్కులు లేదా 6.5 సీజీపీఏ కావాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 55 శాతం లేదా 6.0 చాలు. గేట్‌తో చేరిన వారికి నెలకు రూ.12,400 స్టైపెండ్‌ వస్తుంది. దానికి బదులుగా వారానికి 8 గంటలు ల్యాబ్‌, బోధన పనుల్లో సాయపడాలి.

గేట్‌లో మంచి స్కోరు రాకపోతే రాష్ట్రంలోని ఇతర కాలేజీల కోసం పీజీఈసెట్‌ ఉంది.

ఎంటెక్‌ చేస్తే ఆర్కిటెక్ట్‌ అవుతారా?

కాలేరు. చాలామంది పొరబడేది ఇక్కడే. 1972 నాటి ఆర్కిటెక్ట్స్‌ చట్టం ప్రకారం కౌన్సిల్‌ ఆఫ్‌ ఆర్కిటెక్చర్‌లో నమోదైన వారే తమను ‘ఆర్కిటెక్ట్‌’ అని చెప్పుకోవాలి. నమోదుకు ఐదేళ్ల బీఆర్క్‌ వంటి గుర్తింపు పొందిన అర్హత ఉండాలి. ఎంటెక్‌ స్ట్రక్చర్స్‌ దానికి సరిపోదు. అయితే చట్టంలోని 37వ సెక్షన్‌ ఆ హోదా వాడకాన్నే ఆపుతుంది, డిజైన్‌ పని చేయడాన్ని కాదు అని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అంటే మీరు భవనాల మీద పనిచేయొచ్చు. బోర్డు మీద మాత్రం ‘ఆర్కిటెక్ట్‌’ అని రాసుకోకూడదు.

బీఆర్క్‌ చేసినవారి సంగతి?

వారికి ఎంఆర్క్‌ దారి ఉంది. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విజయవాడలో ఎస్‌పీఏ ఉన్నాయి. విజయవాడలో కట్టడాల పరిరక్షణపైనా ఎంఆర్క్‌ ఉంది. రామప్ప, ఓరుగల్లు కోట వంటి చోట్ల పనిచేయాలనుకునే వారికి పనికొచ్చే చదువు అది. నిర్మాణ సాంకేతికత, నిర్వహణ కలిసిన బిల్డింగ్‌ ఇంజినీరింగ్‌ అండ్‌ మేనేజ్‌మెంట్‌ పీజీ కూడా అక్కడ ఉంది.

అమెరికా వెళ్లాలనుకుంటే?

అక్కడ ఆర్కిటెక్చరల్‌ ఇంజినీరింగ్‌ ప్రత్యేక శాఖ. అది స్టెమ్‌ జాబితాలో ఉంది. చదువు అయ్యాక 12 నెలల ఓపీటీకి మరో 24 నెలల పొడిగింపు కోరవచ్చు. మామూలు ‘ఆర్కిటెక్చర్‌’ కోడ్‌ ఆ జాబితాలో లేదు. పేర్లు దగ్గరగా ఉన్నా ఫలితం వేరు. అప్పు తీర్చుకోవడానికి దొరికే సమయంలో రెండేళ్ల తేడా! కోర్సు పేరు చూసి సరిపెట్టుకోకండి. ఆ ప్రోగ్రామ్‌ సీఐపీ కోడ్‌ ఏమిటో యూనివర్సిటీని ముందే అడగండి. ఐ-20 చేతికొచ్చాక అందులోనూ సరిచూసుకోండి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేనాటికి అధికారిక సైట్‌ చూడాలి.

చివరిగా ఏం తేల్చుకోవాలి?

మీకు లెక్క ఇష్టమా, గీత ఇష్టమా? బీమ్‌, కాలమ్‌, భూకంప భారం మీద ఆసక్తి ఉంటే ఎంటెక్‌ స్ట్రక్చర్స్‌ సరైనది. ‘ఆర్కిటెక్ట్‌’ అనే హోదాయే కావాలంటే పీజీతో అడ్డదారి లేదు, బీఆర్క్‌ నుంచే మొదలుపెట్టాలి. ఇంటర్‌ చదివే తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే ఈ మాట ఇప్పుడే చెప్పండి. బీటెక్‌ అయ్యాక తెలిస్తే మరో ఐదేళ్లు పడుతుంది.