వెల్లువ తీసిన వెనుక

పెన్నానది నెల్లూరు సీమకు అన్నము పెట్టు తల్లి. సంగం వద్ద ఆనకట్ట కట్టి నీటిని కాలువలకు మళ్లించుటచేతనే కనిగిరి జలాశయము క్రింది మాగాణులు పండుచున్నవి. కాని ఆ తల్లి ఆగ్రహ మెట్టిదో ఒడ్డువారెరుగుదురు. 2021 నవంబరు 19వ తేదీన ఎగువ కడప జిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములను వరద ముంచివేసినది. ఆ దినములలోనే పెన్న పొంగి నెల్లూరు జిల్లాలోని ఊళ్లలోనికి చొచ్చినది. పడుగుపాడువద్ద రైలుకట్ట కోసుకొనిపోయినది. తీరవాసులకు 1977 నాటి దివిసీమ ఉప్పెన, 1989 నాటి కావలి తుపాను, 2004 నాటి సునామి నేటికిని మరపురానివి.

వెల్లువ తీసిన వెనుక అధికారులు వచ్చి కూలిన యిండ్లను, చచ్చిన పశువులను, ఇసుకమేట వేసిన పొలములను లెక్కింతురు. లెక్కకు రానిది ఒకటి కలదు. వానచినుకు వినబడినంతనే గుండె దడదడలాడుట, రాత్రి కన్ను మూతపడకుండుట, 'నేను చేయి వదలకున్న బిడ్డ దక్కియుండును' అని కుములుట—ఇవి ఏ పట్టికలోను చేరవు. ఆపదలో చిక్కినవారిలో దాదాపు అందరికిని కలత కలుగుననియు, అధికులకు కాలక్రమమున అది శమించుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. శమింపని కొందరి మాట ఏమి?

వారు మనోవైద్యుని కడకు పోరు. తలనొప్పి, నీరసము, ఆకలిలేమి యని చెప్పి సామాన్య వైద్యుని వద్ద మాత్రలు తెచ్చుకొందురు. మన యూళ్లలో మనోవ్యాధి యనగా పిచ్చి యనియే అర్థము. ఆ పేరు పడిన యింట పిల్లకు పెండ్లి కుదురదేమోనని వెరపు. పైగా సలహా చెప్పువారు తొలివారమున వత్తురు. అప్పటికి బాధితులు బియ్యమునకును, గుడ్డలకును పరుగులిడుచుందురు. దుఃఖము తీరుబడిగా పైకి వచ్చునాటికి శిబిరము లేచిపోవును.

1984 నాటి భోపాలు విషవాయు ప్రమాదము ప్రకృతి చేసినది కాదు. అయినను అది ఒక పాఠము నేర్పినది. అచ్చటి సామాన్య వైద్యశాలలకు వచ్చిన రోగులను పరీక్షింపగా అయిదుగురిలో ఒకరికి పైగా మానసిక వ్యాధి కానవచ్చినది. అందుచేత ఆ వైద్యులకే మనోవైద్యమున శిక్షణ నిచ్చిరి. తరువాత 1999 నాటి ఒరిస్సా పెనుతుపాను, 2001 నాటి గుజరాతు భూకంపము, 2004 నాటి సునామి వేళల బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఊరివారికే తోటివారిని ఓదార్చు విధము నేర్పినది. బాధితుడు సేవను వెదకికొని రాడు. సేవయే అతని గడపకు, అతడెరిగిన మనిషి ద్వారా పోవలెను.

2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇందుకు మార్గదర్శకములు వెలువరించినది. 2017 నాటి చట్టము మానసిక చికిత్సను పౌరుని హక్కు గావించినది. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలీమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే, సలహా లభించును. సౌకర్యము కలదు, దారి చూపువారు కావలెను.

ఆ మనిషి పెక్కుచోట్ల బడి పంతులే. వరదవేళ తలదాచుకొనునదియు తరచు బడియే. బడిని త్వరగా తెరచుట, నిత్యకృత్యమును నిలుపుట పిల్లలకు మొదటి మందు. చూచినదెల్ల చెప్పుమని బిడ్డను బలవంతపెట్టరాదు. చెప్పినచో ఓపికతో వినవలెను. వారములు గడచినను మాటాడని బాలుని, మబ్బు పట్టగనే వణకు బాలికను గుర్తించి, తలిదండ్రులకు నచ్చజెప్పి వైద్యుని వద్దకు పంపవలెను. నష్టపరిహారపు పట్టికలో ఆ బిడ్డ నిద్రకు గడి లేదు. పంతులుగారి హాజరుపట్టికలో మాత్రము ఆ బిడ్డ పేరున్నది.